డబ్బులిచ్చి కొనుక్కున్న కుదుపులు

మా పాత కాలేజీ వాట్సప్ గ్రూపులో నేను పెట్టిన నాలుగు ఫొటోల కింద రెండు రకాల మాటలొచ్చాయి. మొదటి రకం ఊహించినవే. ‘ఈ వయసులో ఇవేం సరదాలు మేడమ్?’ ‘సార్ ఇంట్లో వంట చేసుకుంటున్నారా?’ పక్కన నవ్వు బొమ్మలు. వీటికి జవాబు చెప్పే ఓపిక నాకు ఎప్పుడో అయిపోయింది. రెండోది మాత్రం గుచ్చుకుంది. రాసింది నా స్నేహితురాలు, మంచి కథకురాలు, నాకంటే ఎక్కువ ఊళ్ళు తిరిగి ఎక్కువ మంది కూలి ఆడవాళ్ళతో మాట్లాడిన మనిషి. ‘మిరపకోతలకి పోయే ఆడవాళ్ళు ట్రాక్టర్ల కింద పడి చచ్చిపోతున్న చోట, డబ్బు కట్టి ఇసుకలో కుదుపులు తినడం కూడా స్త్రీవాదమేనా?’ అని అడిగింది.

నెల రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఫోన్లో జవాబు చెప్పడానికి రెండుసార్లు ప్రయత్నించి మానేశాను. ఆమె చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఆ నిజాన్ని తీసుకెళ్ళి ఎవరి ముందు నిలబెట్టింది? బగ్గీ ఎక్కిన ఆడవాళ్ళ ముందు. అక్కడే నాకూ ఆమెకూ పేచీ.

ముందు ఆ ప్రయాణం సంగతి చెప్పాలి. ఆలోచన మా అమ్మాయి వల్ల పుట్టింది. న్యూజెర్సీలో ఉంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుంటా కానా అనే ఊరికి సెలవులకి వెళ్ళి అక్కడి నుంచి ఒక వీడియో పంపింది. నాలుగు లావు చక్రాలు, ఇనప కడ్డీల గూడు, పైన కప్పు లేని బండి. దాన్ని తనే తోలుతోంది. మట్టిదారిలో గుంట కనపడితే తప్పించుకోకుండా వెతుక్కుని మరీ అందులోకి దించుతోంది. ఒంటినిండా బురద. మధ్యలో ఒక గుహ, గుహలో నీలంగా మడుగు, అందులోకి దూకడం. అక్కడి నుంచి మకావో అనే బీచ్. మొత్తం సగం రోజు ప్యాకేజీ. అది చెరకు తోటల దేశమనీ, ఆ చెరకు కొట్టడానికి తరాలుగా పక్కనున్న హైతీ నుంచి మనుషులొచ్చి తోటల మధ్య ఇరుకు వాడల్లో బతికారనీ పిల్లలకి పాఠం చెప్పినదాన్ని నేను. అది అమ్మాయికి చెప్పబోయి ఊరుకున్నాను. ఊరుకోవడానికి కారణం సంస్కారం కాదు, ఈర్ష్య. నా కూతురి మొహంలో ఉన్న ఆ అరుపు నా మొహం మీదికి ఒక్కసారైనా వచ్చిందా అని వెతుక్కుంటే దొరకలేదు.

మనకి గుహలో ఈతలు లేవు. దగ్గర్లో ఉన్నవాటిలో భైరవకోన ఉంది. చంద్రశేఖరపురం అవతల, నల్లమల అంచున, ఒకే కొండని తొలిచి కట్టిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం, దాని కింద మడుగు. ఇంకో వైపు ఓడరేవు సముద్రం. అక్కడ ఇసుక మీద తిరిగే బండ్లు అద్దెకిస్తారని ఒకావిడ కనుక్కుంది. ఏడుగురం బయల్దేరాం అని రాసి కొట్టేశాను. ఎనిమిది మందిమి. మా కెమిస్ట్రీ మేడమ్ ఇంట్లో వంట చేసే ఆమె కూడా వచ్చింది. ఆమెని లెక్కలో చేర్చకుండా నా చెయ్యి మొదటిసారి అలా రాసేసిందంటే, ఇన్నేళ్ళ స్త్రీవాదం ఎంతవరకు ఇంకిందో మీరే చూడండి. రాస్తానని చెప్తే ‘పేరు మాత్రం రాయమాకమ్మా. మా ఆయన చదవడు గానీ మా అబ్బాయి చదువుతాడు’ అంది. అందుకని ఆమె అనే రాస్తాను.

గుంటూరు నుంచి హైవే వదిలేసి పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, నాగులుప్పలపాడు మీదుగా ఒంగోలు దారి పట్టాం. నవంబరు మధ్య. అక్టోబరు చివర్లో వచ్చిన మొంథా తుఫాను వానకి నల్లరేగడి ఇంకా పూర్తిగా ఆరలేదు. పత్తి తడిసి నల్లబడి చెట్టుకే వేలాడుతోంది. మిరప ఇంకా పూతా పిందే మీద ఉంది. పొద్దున ఏడింటికే ఎదురొచ్చే ట్రాక్టర్ల నిండా పత్తి తీతలకి వెళ్ళే ఆడవాళ్ళు. ట్రక్కులో నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తల మీద తువ్వాళ్ళు చుట్టుకుని. మా బండి కిటికీలోంచి చెయ్యి ఊపితే వాళ్ళూ ఊపారు. మా ఆమె ఊపలేదు. తల తిప్పుకుంది.

ఆమె పదేళ్ళ పైగా ముఠాలో పనిచేసింది. ఒక మార్చి నెల సాయంత్రం కోతల నుంచి వస్తుంటే డొంక మలుపులో ట్రక్కు పక్కకి ఒరిగింది. ఆమె భుజం విరిగింది. ఆసుపత్రి ఖర్చులో సగం రైతు ఇచ్చాడు, సగం వడ్డీకి తెచ్చారు. అప్పట్నుంచీ కుడి చెయ్యి తలకంటే పైకి లేవదు. మిరపచెట్టు మీదికి వంగి రోజంతా కాయ కొయ్యడానికి ఆ చెయ్యి పనికిరాలేదు. వంటకి కుదిరింది.

భైరవకోనకి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. కార్తీకం కదా, జనం బాగానే ఉన్నారు. మడుగంతా మగవాళ్ళే. నిక్కర్ల మీద, లుంగీలు బిగించి, బండల మీంచి దూకుతున్నారు. ఆడవాళ్ళు గట్టున కూర్చుని వాళ్ళ చొక్కాలు, చెప్పులు, ఫోన్లు, పర్సులు కాపలా కాస్తున్నారు. పాదాలు మాత్రం నీళ్ళలో పెట్టారు. చీర కుచ్చెళ్ళు తడిసి బరువెక్కితే పిండుకుంటున్నారు. ఎవరూ వాళ్ళని ఆపలేదు. అలాంటి బోర్డూ లేదు. అక్కర్లేదు కూడా.

మేం చుడీదార్లతో దిగబోయాం. నడుం లోతుకి వెళ్ళేసరికి ఒక పెద్దమనిషి గొంతు వినపడింది. ‘గుడి దగ్గర ఇదేం పద్ధతమ్మా, చదువుకున్నవాళ్ళు!’ ఆయన పిల్లలు నలుగురు డ్రాయర్లతో ఆ గుడి ముందే గెంతుతున్నారు. శివుడికి వాళ్ళతో ఇబ్బంది లేదనుకుంటాను. మేం వాదనకి సిద్ధమయ్యేలోగా మా ఆమె చీర గోచీ పెట్టి, జాకెట్టు మీంచి కొంగు బిగించి, మా పక్కనుంచి నీళ్ళలోకి జారింది. ఒక్క మునక వేసి అవతల లేచింది. తర్వాత వెల్లకిలా తేలింది. కళ్ళు మూసుకుని, చేతులు రెండు వైపులా చాపి. ఒడ్డున ఒక కుర్రాడు ఫోను తీశాడు. మా కెమిస్ట్రీ మేడమ్ వెళ్ళి వాడి ఎదురుగా నిలబడింది, ప్రాక్టికల్ పరీక్షలో నిలబడినట్టు. ఫోను జేబులోకి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఆమె నన్ను పిలిచింది. ‘చూడండమ్మా, నీళ్ళల్లో చెయ్యి లేస్తోంది.’ నిజంగానే ఆ చెయ్యి తల పక్కగా పైకి చాచి ఉంది.

నాకు ఈత రాదు. మా అన్నలు మా మోటబావిలో నేర్చుకున్నారు. నడుముకి బెండ్లు కట్టి, నాన్న పైనుంచి తాడు పట్టుకుని. పదేళ్ళప్పుడు నేనూ ఏడ్చి గోల చేస్తే రెండు వారాలు బెండ్లు కట్టారు. చేతులాడించడం వచ్చింది, కాళ్ళు ఇంకా కుదరలేదు. ఈలోగా పెద్దమనిషినయ్యాను. బెండ్లు అటక మీదికి వెళ్ళిపోయాయి. తర్వాత నాకు తెలిసి మా ఊళ్ళో బావులకీ ఆడవాళ్ళకీ రెండే సంబంధాలు. ఒకటి నీళ్ళు తోడుకోవడం. రెండోది దూకి చావడం. మా వీధిలోనే ఇద్దరు దూకారు. వాళ్ళలో ఒకామెని పైకి తీసినప్పుడు చూసిన మా అమ్మ, ఆ తర్వాత నన్ను బావి గట్టు దరిదాపుల్లోకి రానివ్వలేదు.

మరి ఆమెకి ఈత ఎలా వచ్చింది? రాత్రి అడిగాను. ‘మా పల్లె పిల్లలకి బావులెక్కడియమ్మా! మీ బావుల్లో దిగనిస్తారా? సాగర్ కాలవే మాకు. కాలవకి నీళ్ళొదిలితే ఆడామగా అందరం అందులోనే’ అంది. మామూలుగా అంది. నేను మాత్రం ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. నాకు బావి ఉండి కూడా ఆడపిల్లనని దూరం చేశారు. ఆమెకి కులం వల్ల బావే లేదు, ఆ లేకపోవడం వల్ల కాలవ దొరికింది. ‘ఆడవాళ్ళూ – నీళ్ళూ’ అని ఒక్క మాటగా రాయడానికి ఇక్కడ వీల్లేదు. మర్నాడు సాయంత్రం ఓడరేవు నుంచి తిరిగొచ్చేటప్పుడు చీరాల దాటాక కారంచేడు వచ్చింది. 1985 జూలైలో అక్కడ జరిగిన దారుణం మొదలైంది నీళ్ళ దగ్గరే. తాము తాగే చెరువు నీళ్ళలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దన్నందుకు, కొట్టబోతే తిరగబడి చేతిలో బిందె ఎత్తినందుకు, మున్నంగి సువార్త అనే దళిత స్త్రీ మీద మొదలైన కోపం ఆరుగురి ప్రాణాలు తీసింది. బండిలో ఎవరం మాట్లాడలేదు. ఆమె మాత్రం కిటికీలోంచి ఆ చెరువు ఎక్కడుంటుందా అని చూసింది.

ఇప్పుడు బగ్గీ దగ్గరికి వస్తాను, నా స్నేహితురాలికి కోపం తెప్పించిన ఫొటో అదే కాబట్టి.

ఓడరేవు దగ్గర బండ్లు ఇచ్చేచోట ముగ్గురు కుర్రాళ్ళున్నారు. డబ్బు తీసుకున్నాక ‘మీరు వెనకాల కూర్చోండి మేడమ్, మావాడు నడుపుతాడు’ అన్నారు. మా ముందు కాలేజీ పిల్లలు ఇద్దరు వాళ్ళే తోలుకుంటూ వెళ్ళారు. వాళ్ళని లైసెన్సు అడగలేదు. మేం ఇద్దరం లైసెన్సులు తీసి చూపించాం. మాలో ఒకావిడ పాతికేళ్ళుగా గుంటూరు ట్రాఫిక్‌లో కారు నడుపుతోంది. ఆ ట్రాఫిక్ తెలిసినవాళ్ళు ఇసుక గురించి భయపడరు. అయినా అదే మాట. ‘లేడీస్‌కి రిస్క్ మేడమ్. ఏదైనా అయితే మా మీదికొస్తుంది.’

అరగంట వాదించి పది నిమిషాలు సంపాదించాను. సరుగుడు తోపు అంచున ఇసుక దిబ్బలున్నాయి. బండి ఎక్కి దిగినప్పుడల్లా పొట్టలో ఏదో జారినట్టవుతుంది. నేను అరిచాను. అదే ఫొటో. ఆ అరుపు నాది అని నాకే నమ్మకం కలగలేదు.

ఆమెని ఎక్కమంటే ఎక్కలేదు. ‘డబ్బులిచ్చి ఈ కుదుపులు పడేదేందమ్మా? పదేళ్ళు పడ్డా, ఊరికే’ అంది. మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. నా స్నేహితురాలు ఫోన్లో అడిగింది కూడా ఇదే ప్రశ్న కదా! కాకపోతే అడిగినవాళ్ళు వేరు.

2020 మే 14న నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర, మిరపకోతలకి వెళ్ళి ఇంటికి తిరిగొస్తున్న కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడి 9 మంది చనిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్ళు. మాచవరం వాళ్ళు. మేం వెళ్ళిన దారి ఆ మండలంలోంచే. అంతకు రెండేళ్ళ ముందు, 2018 ఏప్రిల్ 6న, నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరప చేలకి వెళ్తున్న ట్రాక్టరు కాలవలో పడి 9 మంది ఆడవాళ్ళు పోయారు. ట్రాక్టర్ ట్రక్కు మనుషుల్ని ఎక్కించుకునే బండి కాదు. పట్టుకోవడానికి కడ్డీ ఉండదు, కూర్చోవడానికి బల్ల ఉండదు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీలు కోర్టులో పట్టుకునే మాట కూడా అదే, వాళ్ళు అందులో ఎక్కకూడదు కదా అని. ఎక్కకపోతే కాయ ఎవరు కోస్తారు? ఆసియాలోకెల్లా పెద్ద మిరప మార్కెట్ అని గుంటూరు యార్డు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు, ఆ కాయ చెట్టు మీంచి టిక్కీలోకి ఎవరి చేతుల మీదుగా వస్తుందో, ఆ చేతులు చేలోకి ఏ బండి మీద వస్తాయో ఎన్నడైనా అడిగారా?

ఇప్పుడు ఆ కుర్రాడి మాట గుర్తు చేసుకోండి. ‘లేడీస్‌కి రిస్క్.’ నాలుగు లావు చక్రాలు, సీటు బెల్టు, తల చుట్టూ ఇనప గూడు, పల్టీ కొట్టినా మనిషి నలగకుండా కట్టిన బండి. అది ఆడవాళ్ళకి ప్రమాదమట. బెల్టూ గూడూ లేని ట్రక్కులో పాతిక మందిని నిలబెట్టి, చీకట్లో డొంకల మీద తోలుకెళ్ళడం ప్రమాదం కాదట. ఆ ట్రాక్టరు ఎదురొస్తే మగవాడెవడూ దిగొచ్చి ‘ఆడవాళ్ళు, జాగ్రత్త’ అనడు. అంటే ఇక్కడ ఎవరికీ ఆడవాళ్ళ ప్రాణం గురించి దిగుల్లేదు. ఆడది ప్రమాదంలో పడితే ఫరవాలేదు, కూలి కోసమైతే. ఇంటికోసమైతే. పిల్లల కోసమైతే. తన ఇష్టం కోసం మాత్రం పడకూడదు. మగవాడి కుదుపుకి సాహసం అని పేరు, అమ్మకానికి ప్యాకేజీ. ఆడదాని కుదుపుకి పేరే లేదు, చచ్చిపోయాక ఎక్స్‌గ్రేషియా అన్న మాట తప్ప.

నా స్నేహితురాలా, నీ ప్రశ్న ఇక్కడ తిరగబడాలి. ట్రక్కులో పోయే ఆడవాళ్ళ పేరు చెప్పి బగ్గీ ఎక్కిన ఆడవాళ్ళని దింపేస్తే ట్రక్కుకి కడ్డీ వస్తుందా? రాదు. ఆ కుర్రాడికి ఇంకో వాదన దొరుకుతుంది, అంతే. మనం చాలాకాలంగా ఇదే చేస్తున్నాం. బాధ గురించి రాయడం మనకి బాగా వచ్చు. పైట గురించి, ప్రసవం గురించి, వంటింటి గురించి, మన శరీరాల మీద జరిగిన ప్రతి హింస గురించి రాసుకున్నాం, రాయాల్సిందే. సంతోషం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో లెక్క అడుగుతారన్నట్టు తల వంచుకుంటాం. ‘అందరి ఆడవాళ్ళకీ కూడు దొరికాక మన సరదాలు’ అంటాం. ఈ వరసలో నిలబెడితే సరదా వంతు ఎప్పటికీ రాదు. కూలికి పోయే ఆడదానికి మరీ రాదు.

అయితే నన్ను నేను పూర్తిగా తప్పించుకోలేను. నేను కట్టిన డబ్బుతో ఆమెకి కొన్ని రోజుల కూలి వస్తుంది. ఆ మాట ఆమె అనలేదు, కానీ బండి అద్దె ఎంతో నన్ను రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ తగ్గించి చెప్పాను.

బగ్గీ ఎక్కనంది గానీ సముద్రం దగ్గర ఆమె ఆగలేదు. మోకాళ్ళ లోతుకి వెళ్ళి కెరటం వచ్చినప్పుడల్లా వీపు తిప్పి నిలబడింది. కెరటం తోస్తే పడింది, లేచింది, మళ్ళీ పడింది. ఉప్పునీళ్ళు ఉమ్మేస్తూ నవ్వుతూనే ఉంది. కోతల రోజుల్లో ఒళ్ళు మండిపోయేదని చెప్పింది. మిరపఘాటు నీళ్ళతో పోదు. కడిగితే ఇంకా అంటుకుంటుంది. ఆముదమో కొబ్బరినూనో పట్టించాలి, మజ్జిగ పోసుకోవాలి. కర్నూలు వైపు నుంచి కోతలకి వలస వచ్చి చేల పక్కన పట్టాల గుడిసెల్లో ఉండేవాళ్ళకి ఆ నూనె కూడా ఉండదు, స్నానానికి చాటు ఉండదు. నాలుగు కర్రలకి చీర కట్టుకుని, చీకటి పడ్డాక. ‘స్నానం అంటే మాకు గబగబా’ అంది ఆమె. ఒళ్ళంతా నీళ్ళలో పెట్టి తొందర లేకుండా ఉండటం ఎప్పుడు చేశావని అడిగితే ‘చిన్నప్పుడు కాలవలో. మళ్ళీ నిన్న’ అంది.

సముద్రంలో మన ఆడవాళ్ళు అసలు దిగరని కాదు. కార్తీక పౌర్ణమికి సూర్యలంకకి వెళ్ళి చూడండి. తెల్లవారుజాము నుంచే ఆడవాళ్ళతో తీరం నిండిపోతుంది. దీపం వదిలి, మూడు మునకలేసి, తడిచీరతో ఒడ్డుకి. పుణ్యం అనే చీటీ చేతిలో ఉంటే నీళ్ళు అనుమతిస్తాయి. మూడో మునక తర్వాత నాలుగోది వేస్తే అది పుణ్యం కాదు, సరదా. అందుకే ‘చాల్లే, రా’ అనే కేక వినపడుతుంది. ఆ మూడు మునకల్లో ఎంతమంది పుణ్యానికి దిగుతారో, ఎంతమంది నీళ్ళకోసం దిగి పుణ్యం అని చెప్తారో నాకు అనుమానమే. మా అమ్మ ప్రతి కార్తీకంలోనూ సముద్రస్నానానికి పట్టుబట్టేది. ఆవిడ పెద్ద భక్తురాలేం కాదు.

2004 డిసెంబరు 26 కూడా పౌర్ణమే. పుణ్యస్నానాలకి వచ్చినవాళ్ళు మన తీరంలో నీళ్ళలో ఉండగానే సునామీ వచ్చింది. ఆ మరుసటేడు ఆక్స్‌ఫామ్ సంస్థ ఇచ్చిన నివేదికలో తమిళనాడులోని కడలూరు జిల్లా లెక్క ఉంది. చనిపోయిన మగవాళ్ళకి దాదాపు మూడు రెట్లు ఆడవాళ్ళు. కారణాలు చాలా ఉన్నాయి. మగవాళ్ళు వేటకి లోపలికి వెళ్ళారు, ఆడవాళ్ళు ఒడ్డున, ఇళ్ళల్లో, పిల్లలతో ఉన్నారు. వాటిలో ఒకటి మాత్రం ఆడవాళ్ళకి ఈత రాకపోవడం, చెట్టెక్కడం రాకపోవడం. పదేళ్ళప్పుడు అటకెక్కిన బెండ్లు ఇలా కూడా చంపుతాయి. వద్దిపట్ల కాలవలో ట్రక్కు కింద పడ్డవాళ్ళని ఈత కాపాడేదని నేననను. ఒడ్డున నిలబడ్డ వాళ్ళకి వచ్చి ఉంటే ఇంకొకరైనా బయటపడేవాళ్ళేమో అనుకోకుండా మాత్రం ఉండలేను.

మరోవైపు చూడండి. ప్రపంచం మొత్తం మీద నీళ్ళలో మునిగి చనిపోయే మగవాళ్ళు ఆడవాళ్ళకి రెట్టింపు ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తుంది. 2024 జూన్‌లో రామాపురం బీచ్‌లో ఏలూరు వైపు నుంచి వచ్చిన నలుగురు యువకులు కొట్టుకుపోయారు. ఆ తల్లుల దుఃఖం గురించి నేను తేలిగ్గా మాట్లాడను. కానీ అలా జరిగినందుకు మగపిల్లల్ని సముద్రానికి పంపొద్దని ఎవరైనా అన్నారా? లైఫ్‌గార్డులు కావాలి, హెచ్చరిక జెండాలు పెట్టాలి అన్నారు. సరైన మాటే. మగవాళ్ళ ప్రమాదానికి ఏర్పాట్లు అడుగుతారు, ఆడవాళ్ళ ప్రమాదానికి ఇంట్లో కూర్చోమంటారు.

2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీశక్తి’ పేరుతో మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో టిక్కెట్టు లేదు. అంతకు ముందు 2023 డిసెంబరులో తెలంగాణలో మొదలైంది. అప్పటి నుంచీ ఎన్ని జోకులు! ‘పనీ పాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు’, ‘కూరగాయలకి పక్క జిల్లాకి పోతున్నారు’. ఈ జోకులకి మన వైపు నుంచి వచ్చిన జవాబులు గమనించారా? ఉద్యోగానికి వెళ్తున్నారు, ఆసుపత్రికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు అని. అన్నీ నిజాలే. కానీ ‘అవును, ఊరికే తిరుగుతున్నారు, అయితే ఏంటి?’ అన్న మాట మాత్రం మన నోట్లోంచి రాలేదు. బాపట్ల నుంచి సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లే. మధ్యాహ్నం బస్సెక్కి సముద్రం చూసి సాయంత్రం ఇంటికి రావడానికి కారణం ఎందుకు చెప్పాలి? ముంబయి ఆడవాళ్ళ గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి 2011లో ‘వై లాయిటర్’ అనే పుస్తకం తెచ్చారు. పని లేకుండా వీధిలో నిలబడే హక్కు, ప్రమాదాన్ని కూడా తామే ఎంచుకునే హక్కు ఆడవాళ్ళకి ఉండాలని వాళ్ళ వాదన. అది నగరాల పుస్తకం. మన పొలాల దారుల గురించి అలాంటిది మనమే రాసుకోవాలి. 1990ల మొదట్లో పుదుక్కోట్టైలో అక్షరాస్యత ఉద్యమంలో వేలమంది పల్లెటూరి ఆడవాళ్ళు సైకిలు నేర్చుకున్నారు. అప్పుడు కూడా ఇవే వెక్కిరింతలు. ఇంచుమించు అదే కాలంలో మన దూబగుంటలో చదువుకోవడానికి కూర్చున్న ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. దూబగుంటని మనం గుర్తుపెట్టుకున్నాం, సైకిలుని అంతగా గుర్తుపెట్టుకోలేదు. పోరాటం కనపడితే మనకి ధైర్యం, సరదా కనపడితే మొహమాటం.

నా స్నేహితురాలితో కలిసి నేను చెయ్యదలచుకున్న పని ఒకటుంది. కోతలకి వెళ్ళే ఆడవాళ్ళకి ట్రక్కు బదులు బస్సో, కనీసం బల్లలూ కడ్డీలూ ఉన్న బండో ఉండాలని, ఆ ఖర్చు కాయ కొనేవాళ్ళ దగ్గరి నుంచి యార్డులోనే వసూలు చెయ్యాలని అడుగుదాం. ఆ కాగితం తనే రాయాలి, నాకంటే బాగా రాస్తుంది. అదే కాగితంలో, ఆదివారం మధ్యాహ్నం అదే బస్సు సూర్యలంకకి కూడా వెళ్ళాలని రాయమంటాను. రెండో డిమాండు చూసి అధికారులు నవ్వుతారు. మొదటిదానికి ఇన్నేళ్ళుగా నవ్వకుండానే ఏం చేశారు?

ఇక నా సొంత సంగతి. గోలి శ్యామల 2021లో పాక్ జలసంధి ఈదినప్పుడు ఆమె వయసు 50కి దగ్గర. 2025 జనవరిలో విశాఖ నుంచి కాకినాడ దాకా 150 కిలోమీటర్లు సముద్రంలో ఈదుకుంటూ వచ్చింది. నాకు అంత ఆశ లేదు. ఆ మడుగులో ఆమెలాగా వెల్లకిలా తేలితే చాలు. మా ఊళ్ళో ఒక ఈతకొలను ఉంది. వెళ్ళి అడిగాను. ఆడవాళ్ళకి వారంలో మూడు రోజులు, మధ్యాహ్నం రెండు నుంచి మూడు దాకా, నడినెత్తిన ఎండలో ఒక గంట. మగవాళ్ళకి పొద్దునా సాయంత్రం. దరఖాస్తు చివర ‘భర్త/తండ్రి సంతకం’ అని ఒక గడి ఉంది. 61 ఏళ్ళు నాకు. అన్నలు బెండ్లు దాచేసిన అటక ఇప్పుడు లేదు, ఇల్లే లేదు. ఆ గడి ఖాళీగా వదిలి ఇచ్చాను. ‘అది లేకపోతే తీసుకోం మేడమ్’ అన్నాడు గుమాస్తా. రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. దరఖాస్తు అతని బల్ల మీదే పెట్టి వచ్చాను. మా ఆమెది కూడా పక్కనే పెట్టాను, ఆమెదీ ఆ గడి ఖాళీయే. సోమవారం ఇద్దరం మళ్ళీ వెళ్తున్నాం. ఫీజు ఎవరిది వాళ్ళు కట్టుకోవాలని ఆమె పట్టుబట్టింది.